కొసరు ఊపిరి

తొమ్మిదో భాగం

భీమమ్మ చెప్పిన అబద్ధానికి ఈ పొద్దుతో మూడు నెలలు నిండాయి. కోడలు బసమ్మ కంగ్టి అవతల పుట్టింటికి పోయిందని వాడకట్టంతా నమ్మింది. బసమ్మ ఎక్కడికీ పోలేదు. పేలాల భట్టి వెనక అర్రలో, బయట తాళం వేసిన తలుపు లోపల, ఎనిమిదో నెల కడుపుతో, దమ్ముతో, ఊపిరందక ఎగపోస్తూ కూర్చుని ఉంది. ఇదివరకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఊరందరికీ తెలిసిన తరువాతే పోయింది గనక దిష్టే తిన్నదని భీమమ్మ తీర్మానించుకుంది. రెండోసారి దమ్ముకు దవాఖానలో సూది వేయించిన వారానికే పోయింది గనక సూది మీద కూడా ఆమెకు నమ్మకం చచ్చింది. కొడుకు చంద్రప్ప చెరుకు కొట్టడానికి వెళ్లాడు, ఉగాదికి గాని రాడు. పోతూ పోతూ ఒక్క మాటే అన్నాడు, "ఈసారి నువ్వే చూస్కోవాలె అమ్మా" అని. ఆ ఒక్క మాట నెత్తిన పెట్టుకుని ఆ తల్లి ఏమేం చేసిందో మనం ఇంతవరకు చూస్తూనే ఉన్నాం.

చేసిన వాటిలో అన్నింటికన్నా మంచి పని దమ్ము బడికి పోవడం. అన్నింటికన్నా చెడ్డ పని కూడా అదేనని ఆమెకు ఇంకో గంటలో తెలుస్తుంది.

ఆడపిల్లల బడి వరండాలో పొద్దున ఆరింటికి ఎలీసబెతు నేర్పే యోగా క్లాసుకు నారాయణఖేడ్ ఆడవాళ్లు పెట్టుకున్న పేరు దమ్ము బడి. ఎలీసబెతు పట్నంలో ప్రకృతి వైద్యం చేసే ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. ఆసనాలూ ఊపిరి పట్టులూ అక్కడే నేర్చుకుని, పింఛను తీసుకుని సొంత ఊరికి వచ్చింది. ఆదివారం చర్చికి పోవాలి గనక ఆ ఒక్కరోజు సెలవు. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. పైసలకు బదులు మర్యాద అడుగుతుంది, అది ఇవ్వడం పైసలకన్నా కష్టమని కొందరు రెండు రోజులకే మానేశారు. ఉత్త కడుపుతో రావాలి. దుప్పటి ఇంటి నుంచి తెచ్చుకోవాలి. చెప్పులు గోడ వెంట వరసగా విడవాలి. తాళం చెవులు, కడియాలు, గలగలమనేది ఏదైనా సరే దుప్పటి కొసకు ముడి వేసుకోవాలి. పక్కదాని నడుము ఎంత వంగిందో చూడొద్దు. ఆలస్యంగా వస్తే వెనక కూర్చోవాలి. చివర అందరూ వెల్లకిలా పడుకున్నప్పుడు ఎవరూ లేవొద్దు, నోరు విప్పొద్దు. వంతు వచ్చిననాడు వరండా ఊడవాలి, ఫీజు అదే.

మొదటి రోజు భీమమ్మ జొన్నరొట్టె తిని వచ్చింది. ఊరికే నేర్పించుకోవడం నామోషీ అనిపించి గంపెడు పేలాలు మోసుకొచ్చింది. పడుకోమన్నప్పుడు పక్కింటి పోశమ్మతో ముచ్చట పెట్టింది. ఎలీసబెతు పేలాలను బడిపిల్లలకు పంచేసి, భీమమ్మ చేతికి చీపురిచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అడిగినట్టే మూడు మాటలు అడిగింది. ఆపరేషన్ ఏమైనా అయిందా. గుండె రోగం ఉన్నదా. కడుపుతోని ఉన్నవా. మూడో ప్రశ్నకు వరండా అంతా నవ్వింది. యాభై రెండేళ్ల భీమమ్మ కూడా నవ్వింది.

"నాకేం కడుపు సిస్టరమ్మా. దమ్మొక్కటే నాకు. పండుకుంటే ఊపిరాడది."

రోగం కోడలిది, చెప్పింది తనదని. దవాఖానకు ఒకరు పోయి ఇంకొకరి రోగం చెప్పి మందు తెచ్చివ్వడం ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. సీసాలో మందు తెచ్చినట్టే ఊపిరి కూడా నేర్చుకుపోయి ఇవ్వొచ్చని ఆమె అనుకుంది. ఆ అనుకోవడంలో పాపం కొంత నిజం కూడా ఉంది. మొదటి మూడు వారాలు నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఎనిమిది లెక్కపెట్టేంత సేపు వదలడం నేర్పింది ఎలీసబెతు. లెక్కకు చెక్క స్కేలుతో నేల మీద టక్ టక్ మని కొట్టేది. భీమమ్మ ఇంటికి పోయి కోడలికి అదే నేర్పింది. స్కేలు లేదు గనక పేలాలు కొలిచే ఇత్తడి శేరును ముందు పెట్టుకుని, గరిటె కాడతో దాని మీద కొట్టేది బసమ్మ. నాలుగో రోజు ఆ పిల్ల గోడకు ఆనుకోకుండా, పక్కమీద పడుకుని నిద్రపోయింది. భీమమ్మ గుమ్మంలో కూర్చుని ఆ నిద్రను చూస్తూ ఏడ్చింది.

పొద్దున ఏడింటికి జహీరాబాద్ బస్సు హారన్ కొట్టి కదులుతుంది. ఆ హారన్ వినపడగానే మొదలుపెట్టాలని అత్తాకోడళ్లు అనుకున్నారు. అదే సమయానికి భీమమ్మ వరండాలో చేస్తుంటుంది గనక తన ఊపిరి కూడా కోడలికి తోడవుతుందని ఆమె నమ్మకం. "ఎవ్వలొచ్చి తలుపు కొట్టినా పలుకకు. నడుమల ఆపకు. నడుమల ఆపితే చేసిందంత పోతది" అని కూడా చెప్పింది. ఈ చివరి మాట ఎలీసబెతు చెప్పింది కాదు, భీమమ్మ సొంతంగా కలిపింది.

ఇక ఈ పొద్దు సంగతి.

వంతు భీమమ్మది. ఊడ్చి, నీళ్లు చల్లి, తన దుప్పటి మూడో వరసలో పరుచుకుంది. పదిమంది వచ్చారు. అందరికన్నా వెనక, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతిలోనే పట్టుకుని, మనూర్ వైపు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన హన్మమ్మ నిలబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎలీసబెతు ఆమెను దగ్గరికి పిలిచి మూడు మాటలూ అడిగింది. మూడో మాటకు హన్మమ్మ తలొంచుకుని నాలుగు వేళ్లు చూపించింది.

"నాలుగో నెలనా. మంచిది, సిగ్గెందుకు? నువ్వు మెల్లగ పీల్చి మెల్లగ ఇడువు, గంతే. వీళ్లు దమ్ము ఆపి పట్టుకుంటరు సూడు, అది నువ్వు చెయ్యొద్దు. వీళ్లు చేస్తుంటే సూస్కుంట కూసో."

"ఎందుకు సిస్టరమ్మా?" అని ముందు వరస నుంచి పోశమ్మ అడిగింది. క్లాసులో మాట్లాడకూడదన్నది ఆమెకు ఎప్పుడూ గుర్తుండదు.

ఎలీసబెతు ఈసారి కోప్పడలేదు. అందరూ వినాలన్నట్టు కొంచెం గొంతు పెంచి చెప్పింది. "కడుపుల బిడ్డ సొంతంగ ఊపిరి తీస్కోదు. తల్లి పీల్చిందే దానికి. తల్లి ఆపితే దానిది గూడ ఆగుతది. తల్లి మళ్ల పీల్చుకుంటది, తట్టుకుంటది. బిడ్డ తట్టుకుంటదని ఎవలు చెప్పాలె? అందుకే కడుపుతోని ఉన్నోళ్లకు దమ్ము ఆపుడు నేను నేర్ప."

భీమమ్మ అరచేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. వేళ్లు మడిచి ఆమె రోజులు లెక్కపెట్టుకుంది.

దమ్ము ఆపుడు కిందటి వారం మొదలైంది. "నీ రొమ్ము సాఫ్ అయింది భీమమ్మా, ఇగ నువ్వు ఆపి పట్టుకోవచ్చు" అని ఎలీసబెతు మెచ్చుకున్న రోజు భీమమ్మ పండగలా ఇంటికి పోయింది. పాత మందు అంత పనిచేస్తే, ఈ గట్టి మందు ఇంకెంత పనిచేస్తుందో అనుకుంది. పైగా ఆమె చేతికి ఒక అలవాటు ఉంది. సంతలో శేరు నిండా పేలాలు కొలిచాక పైన ఒక పిడికెడు కొసరు వేయనిదే ఆమె చెయ్యి ఆగదు. సిస్టరమ్మ ఎనిమిది దెబ్బల సేపు ఆపమంటే కోడలికి పన్నెండు చెప్పింది. సిస్టరమ్మ పన్నెండు అన్ననాడు కోడలికి పదహారు చెప్పింది. పేలాలైనా మందైనా కొసరు పడితేనే బరకత్, అప్పుడే కలిసొస్తుందని ఆమె లెక్క. ఆ పదహారు మొదలయ్యేది ఈ పొద్దే.

అడగాలి. అడిగితే క్లాసు ఆగుతుంది. అడిగితే ఎవరి గురించి అంటారు. ఎవరి గురించో చెబితే మూడు నెలల మాట గంగలో కలుస్తుంది, వాడకట్టు చూపంతా ఆ కడుపు మీద పడుతుంది. భీమమ్మ ఇలా ముందుకూ వెనక్కూ ఊగుతుండగానే అందరూ చేతులెత్తారు, వంగారు, ఆమె కూడా వంగింది. నడుము వంగింది గాని మనసు భట్టి వెనక అర్రలోనే ఉంది. నిన్న సాయంత్రం బసమ్మ అన్న మాట గుర్తొచ్చింది. "అత్తా, లోపట తిరుగుతలేదు." తను నవ్వుతూ ఇచ్చిన జవాబు కూడా గుర్తొచ్చింది. "పండుకున్నడు తియ్యి."

అందరూ కూర్చున్నారు. ఎలీసబెతు స్కేలు చేతిలోకి తీసుకుంది. అప్పుడు బస్టాండు దిక్కు నుంచి జహీరాబాద్ బస్సు హారన్ కొట్టింది.

భీమమ్మ లేచి నిలబడింది.

"కూసో భీమమ్మా" అంది ఎలీసబెతు, తల ఎత్తకుండానే.

"సిస్టరమ్మా, ఎనిమిదో నెల దానికి ఎట్ల?"

"ఎవలకు?"

"ఎనిమిదో నెల ఉన్నది. దమ్ము ఆపుతున్నది. ఏడొద్దుల నుంచి."

స్కేలు నేల మీదికి దిగకుండా గాల్లోనే ఆగింది. "ఎవలు భీమమ్మా?"

"నా కోడలు."

పోశమ్మ వెనక్కి తిరిగింది. ఈ మూడు నెలలూ గోడ అవతలే ఉన్న మనిషి ఆమె. "బసమ్మ పుట్టింటికి పోయిందన్నవ్ గద వదినె."

"పోలే."

"మొన్న ఆదివారం పొద్దుగాల మీ ఇంట్ల టక్కుటక్కు సప్పుడైతుంటే ఏందని అడిగిన. శేరు సొట్ట తీస్తున్న అన్నవ్."

"అబద్ధం చెప్పిన పోశమ్మా. నీకు చెప్పిన, అందరికి చెప్పిన. సిస్టరమ్మకు గూడ చెప్పిన. దమ్ము నాది కాదు, దానిది. నాకేం రోగం లేదు."

ఎలీసబెతు లేచి భీమమ్మ దగ్గరికి వచ్చింది. ఆమెకు కోపం వచ్చిందని మొహమే చెబుతోంది. నెల రోజులుగా ఈ ఆడమనిషి రొమ్ము మీద చెవి పెట్టి వింటూ, సాఫ్ అవుతోంది, సాఫ్ అవుతోంది అని తను సంబరపడింది. అది మొదటి నుంచీ సాఫ్‌గానే ఉందని ఇప్పుడు తెలిసింది.

"అడిగిన కదనే నిన్ను. కడుపుతోని ఉన్నవా అని అడిగిన."

"నన్ను అడిగినవ్. నేను లేను అన్న."

ఎలీసబెతు ఆ మాట పక్కన పెట్టింది. "ఎన్ని దెబ్బల సేపు ఆపుతది?" అని అడిగింది.

"ఇయ్యాల్టి నుంచి పదహారు."

"నేను నీకు పన్నెండు చెప్పిన."

"నాలుగు కొసరు ఏసిన."

ఎలీసబెతు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి, ప్రార్థన చేసుకుందో, తిట్టిందో ఎవరికీ వినపడలేదు. కళ్లు తెరిచి, "బిడ్డ తిరుగుతున్నదా?" అంది.

"నిన్నటి నుంచి తిరుగుతలేదన్నది." భీమమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పండుకున్నడు తియ్యి అన్న నేను."

"ఎప్పుడు మొదలుపెడ్తది?"

"బస్సు హారన్ కొట్టంగనే. నలభై దఫాలు చేస్తది."

హారన్ కొట్టి అప్పటికే కొంతసేపయింది. ఎలీసబెతు స్కేలు పారేసి మెట్లు దిగింది. చెప్పులు వేసుకోలేదు. గోడ వెంట అంత వరసగా పెట్టించిన చెప్పులను కాలితో చెదరగొట్టుకుంటూ పోయింది. భీమమ్మ ఆమె వెంట, పోశమ్మ భీమమ్మ వెంట. వెనక హన్మమ్మ ఒక్కతే రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చుండిపోయింది.

బడి నుంచి భీమమ్మ ఇంటికి పది నిమిషాల దారి. అరవై దాటిన ఎలీసబెతు పరుగెత్తలేదు, నడక ఆపలేదు. దారిలో ముక్కలు ముక్కలుగా అడుగుతూనే ఉంది.

"ఏ అర్రల ఉంటది?"

"భట్టి ఎనక అర్రల."

"కిటికీ?"

"ఉండె. మంది సూస్తరని ఇటుకలు పెట్టి మూసిన."

"భట్టి ముట్టిస్తున్నవా?"

"ముట్టియ్యకుంటే ఏందని అడుగుతరు కద సిస్టరమ్మా. రోజు ముట్టిస్త. పది గంటల సంది పొద్దుమీకే దాక."

ఎలీసబెతు ఆగింది. ఆ దారి పొడుగునా ఆమె ఆగింది అక్కడ ఒక్కచోటే. భీమమ్మ మొహంలోకి చూసి, కోపం కూడా లేని గొంతుతో అంది. "పొద్దుగాల నా దగ్గర ఊపిరి పట్టుకపోయి దానికి ఇస్తున్నవ్. పది కొట్టంగనే పొగ పెట్టి గుంజుకుంటున్నవ్. దాని రోగం నీ భట్టే భీమమ్మా."

భీమమ్మకు ఆ మాట అర్థం కావడానికి నాలుగడుగులు పట్టింది. అర్థమయ్యాక దారి మధ్యలోనే నిలబడిపోయింది. కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ పొగలోనే ఆమె బతికింది. కొడుకును ఆ పొగలోనే పెంచింది. పొగ అంటే ఆమెకు ఇల్లు. ఎక్కడో కంగ్టి అవతల కందిచేలల గాలి పీల్చి పెరిగిన పిల్లను తెచ్చి, అందరి కళ్ల నుంచీ దాచి, సరిగ్గా ఆ పొగలోనే పెట్టి తాళం వేసింది. రెండు కడుపులు ఎలా పోయాయో ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. అది నిజమో కాదో ఏ డాక్టరైనా చెప్పాల్సిందే గాని, ఆ నిమిషంలో భీమమ్మ తనను తాను దోషిగా నిలబెట్టేసుకుంది. పోశమ్మ రెక్క పట్టి లాగింది. "నడువ్ వదినె. ఏడ్సుడు తర్వాత ఏడ్సు."

ఇంటి మీద ఇంకా భట్టి పొగ లేదు. తలుపుకు తాళం వేలాడుతోంది. భీమమ్మ చెయ్యి అలవాటుగా నడుముకు పోయింది. అక్కడ తాళం చెవి లేదు. కొంగు కొసలో లేదు.

"దుప్పటికి ముడేసిన" అంది. దుప్పటి బడి వరండాలో, మూడో వరసలో ఉంది. క్లాసు మర్యాద ప్రకారం కట్టిన ముడి, చక్కగా, గట్టిగా ఉంది.

పోశమ్మ వెనక్కి పరుగెత్తింది. పోయి రావడానికి ఎంత జల్దీ అయినా పావుగంట.

ఎలీసబెతు చెయ్యెత్తి ఇద్దరి ఊపిరీ ఆపినట్టు, "విను" అంది.

లోపల భట్టి దాటి, ఇంకో తలుపు అవతల, మెల్లగా వినపడుతోంది. టక్. టక్. టక్. ఇత్తడి శేరు మీద గరిటె కాడ. అంటే బసమ్మ బతికే ఉంది. అంటే బసమ్మ ఇంకా ఆపుతూనే ఉంది.

"బసమ్మా" అని భీమమ్మ తలుపుకు నోరు ఆనించి పిలిచింది. మూడు నెలలుగా ఆ పేరు గోడలకు వినపడకుండా పిలిచీ పిలిచీ ఆమె గొంతు పెంచడం కూడా మర్చిపోయినట్టయింది. "బసమ్మా, ఇగ ఆపు. చెయ్యకు."

టక్. టక్.

ఎలీసబెతు గుమ్మం పక్కన పడి ఉన్న రాయి తీసుకుని తాళం మీద కొట్టింది. పాత తాళం, గట్టిది. ఒక దెబ్బ, రెండో దెబ్బ. ఎవరో తలుపు బద్దలు కొడుతున్నారనుకుంది కాబోలు ఆ పిల్ల, లోపల టక్ టక్ మనే చప్పుడు జోరు పెరిగింది. ఎవ్వలొచ్చి కొట్టినా నడుమల ఆపకు. అత్త చెప్పింది. ఆ పిల్ల అత్త మాట ఒక్కనాడూ జవదాటలేదు.

రాతి చప్పుడుకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు తెరుచుకుంది. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు బిందెలతో ఆగారు. కిష్టప్ప అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి, "ఏందిది భీమమ్మా, నీ ఇంటి తాళం నువ్వే పగలగొట్టిస్తున్నవ్. లోపట ఎవలున్నరు?" అన్నాడు.

మూడు నెలలుగా ఏ చూపులకు భయపడి భీమమ్మ కిటికీకి ఇటుకలు పెట్టిందో, ఆ చూపులన్నీ ఇప్పుడు ఆమె గుమ్మంలోనే ఉన్నాయి. ఇంకా ఒక మాటతో తప్పించుకోవచ్చు. పంది దూరిందనొచ్చు, కుక్క ఉందనొచ్చు, అబద్ధాలు ఆమెకు ఇప్పుడు బాగానే అలవాటు. భీమమ్మ వాడకట్టు వైపు తిరిగింది. బతుకులో ఎప్పుడూ సంతలో కూడా అరవనంత గట్టిగా అరిచింది.

"నా కోడలున్నది. నా బసమ్మ ఉన్నది. ఎనిమిదో నెల కడుపుతోని ఉన్నది. నేనే దాచిపెట్టిన. నేనే దాని ఊపిరి ఆపిచ్చిన. తలుపు పగలగొట్టుండ్రి."

కిష్టప్ప కర్ర పడేసి రాయి అందుకున్నాడు. బిందెలు కింద పెట్టి ఆడవాళ్లు దగ్గరికి వచ్చారు. దిష్టి పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. ఎలీసబెతు మాత్రం చెవి తలుపుకు ఆనించి, రాతి దెబ్బల మధ్య లోపలి దెబ్బలు లెక్కపెడుతోంది. మళ్లీ కొత్త దఫా మొదలైంది. పీల్చింది. ఆపింది. ఒకటి, రెండు.

"ఏడు" అంది ఎలీసబెతు. "ఎనిమిది."

"ఆపవే తల్లీ" అంటోంది భీమమ్మ. "నేను చెప్తున్న, మీ అత్తను. నువ్వు చేసింది ఎక్కడికి పోదు. ఆపు."

"పది. పదకొండు."

తాళం ఊడి పడింది. అందరూ ఒక్క క్షణం చెవులు రిక్కించారు.

పన్నెండోది రాలేదు. అత్త గొంతు విని ఆపిందనుకుని భీమమ్మ మొహం వెలిగింది. "బసమ్మా" అని పిలిచింది. జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది. లోపలి తలుపు అవతల ఇత్తడి శేరు నేల మీద పడ్డ చప్పుడైంది. అది గుండ్రంగా దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వచ్చి, తలుపుకు తగిలి ఆగిపోయింది.